ప్రైవేట్ బడి ఫీజు సర్కారు కడితే? తుక్కుగూడ హామీ నుంచి 25 శాతం సీట్ల దాకా అసలు లెక్క ఇదీ

పొద్దున ఏడున్నర. తుక్కుగూడ చౌరస్తా. శ్రీశైలం హైవే మీద పసుపు రంగు స్కూల్ బస్సులు ఒకదాని వెనక ఒకటి. మరోపక్క ఎయిర్‌పోర్టులో డ్యూటీకి పోయేవాళ్లు, మంఖాల్ ఫ్యాక్టరీల్లో షిఫ్టు ఎక్కేవాళ్లు. ఒకే గల్లీలో ఇద్దరు పిల్లలు ఉంటే ఒకరు బస్సెక్కుతారు, ఇంకొకరు బ్యాగు తగిలించుకుని సర్కారు బడికి నడుస్తారు. తేడా తెలివిలో లేదు. టర్మ్ ఫీజు కట్టగలిగారా లేదా అన్నదే తేడా.

మరి ఆ ఫీజు సర్కారే కడితే? పేద పిల్లలు కూడా నచ్చిన బడిలో చదువుకోవచ్చా? లేక సర్కారు బడులు ఇంకా ఖాళీ అవుతాయా? ప్రతి అడ్మిషన్ల సీజన్‌లో ఈ చర్చ నడుస్తూనే ఉంటుంది. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, దీనికి చట్టం ఇప్పటికే ఉంది. స్కీములూ ఉన్నాయి. మన తెలుగు పల్లెల్లోనే జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలూ ఉన్నాయి. అవన్నీ ఏం చెబుతున్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా నాలుగు ముక్కల్లో

- విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేట్ స్కూళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. డబ్బులు సర్కారు స్కూలుకు చెల్లించాలి.
- ఏపీలో ఇది 2022-23లో మొదలైంది. తెలంగాణలో ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది.
- తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ప్రైవేట్ ఫీజు కట్టే స్కీమ్ వేరే ఉంది. బకాయిల వల్ల అది 2025లో పెద్ద గొడవైంది.
- ఫీజు ఒక్కటే కడితే సరిపోదు. ఎంత కడతారు, ఎప్పుడు కడతారు, బస్సు ఖర్చు ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

తుక్కుగూడలో ఇచ్చిన మాట ఏంటి?

తుక్కుగూడ పేరు రాష్ట్రమంతా మార్మోగింది 2023 సెప్టెంబర్ 17న. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన జరిగిన విజయభేరి సభలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. సోనియా గాంధీ వేదిక మీద ఉన్నారు. ఆ ఆరింటిలో చదువుకు సంబంధించింది యువ వికాసం. ఇందులో రెండు హామీలు. ఒకటి, విద్యార్థులకు 5 లక్షల విద్యా భరోసా కార్డు. రెండోది, ప్రతి మండలంలో ఒక తెలంగాణ ఇంటర్నేషనల్ స్కూల్.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. విద్యా భరోసా కార్డు కాలేజీ, కోచింగ్ ఫీజుల కోసం చెప్పింది. ఒకటో తరగతి పిల్లాడి స్కూల్ ఫీజు కోసం కాదు. అంటే ఆ గ్యారంటీలో కాలేజీ చదువుల సంగతి ఉంది గానీ ఆరేళ్ల పిల్లల ప్రైవేట్ ఫీజు సంగతి లేదు. స్కూలు పిల్లల విషయానికొస్తే సర్కారు ఎంచుకున్న దారి వేరు. సొంతంగా పెద్ద బడులు కట్టడం. యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూల్స్‌కు 2024 అక్టోబర్ 11న ఇదే రంగారెడ్డి జిల్లా కొందుర్గులో సీఎం రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఒక్కో క్యాంపస్‌కు సుమారు 200 కోట్ల ఖర్చు అంచనా.

అంతకుముందు బీఆర్ఎస్ సర్కారు కూడా ఇదే ప్రాంతాన్ని ఎంచుకుంది. 2023 అక్టోబర్ 6న సర్కారు బడి పిల్లల కోసం సీఎం బ్రేక్‌ఫాస్ట్ పథకాన్ని తుక్కుగూడ పక్కనే ఉన్న రావిర్యాలలో ప్రారంభించారు. ఏ పార్టీ అయినా హామీ మాత్రం సర్కారు బడిని బాగు చేస్తామనే. తల్లిదండ్రులు మాత్రం ఏటా కొంచెం కొంచెంగా ప్రైవేట్ వైపు జరుగుతున్నారు. తెలంగాణలో సర్కారు బడులు సుమారు 27 వేలు ఉంటే, వాటిలో పిల్లలు 20 లక్షల లోపే. ప్రైవేట్ స్కూళ్లు అందులో సగం కూడా లేవు. కానీ పిల్లలు 30 లక్షలకు పైనే.

చట్టం ఏం చెబుతోంది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 12(1)(సి) చాలా కీలకం. దాని సారాంశం ఇదీ:

- ఎయిడ్ తీసుకోని ప్రతి ప్రైవేట్ స్కూలు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉండే బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి.
- స్కూల్లో నర్సరీ, ఎల్‌కేజీ ఉంటే అక్కడి నుంచే ఈ రూల్ వర్తిస్తుంది.
- ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఫీజు తీసుకోకూడదు.
- స్కూలుకు సర్కారు డబ్బులిస్తుంది. సర్కారు బడిలో ఒక్కో పిల్లాడి మీద పెట్టే ఖర్చు, ఆ స్కూలు వసూలు చేసే ఫీజు... ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.
- సర్కారు నుంచి స్థలమో బిల్డింగో ఉచితంగానో తక్కువ ధరకో తీసుకుని, దానికి బదులుగా కొంతమందికి ఫ్రీగా చదువు చెప్పాల్సి ఉన్న స్కూళ్లకు ఆ మేరకు డబ్బులు రావు.

డొనేషన్ అడగడం, పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఇంటర్వ్యూ పెట్టడం కూడా ఇదే చట్టం కింద తప్పు.

ప్రైవేట్ యాజమాన్యాలు దీన్ని కోర్టులో సవాల్ చేశాయి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. అయితే 2014 మే 6న వచ్చిన ప్రమతి కేసు తీర్పుతో మైనారిటీ విద్యాసంస్థలకు మినహాయింపు దొరికింది. మన దగ్గర పేరున్న మిషనరీ స్కూళ్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. కాబట్టి 25 శాతం అమలైనా ఊళ్లో ఉన్న ప్రతి స్కూల్లో సీటు దొరుకుతుందని అనుకోవద్దు.

25 శాతంలో ఎవరికి ఎంత?

ఉమ్మడి ఏపీలో తెచ్చిన రూల్స్ ప్రకారం వాటా ఇలా ఉంది. ఒక స్కూల్లో ఒకటో తరగతికి 100 సీట్లు ఉన్నాయనుకుంటే:

- ఎస్సీ పిల్లలకు 10
- ఎస్టీ పిల్లలకు 4
- అనాథలు, దివ్యాంగులు, హెచ్ఐవీ బాధిత పిల్లలకు 5
- బీసీ, మైనారిటీ, ఓసీల్లో ఆదాయం తక్కువ ఉన్నవారికి 6

మొత్తం 25. చుట్టుపక్కల అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్లు.

ఈ కిలోమీటర్ రూల్ తుక్కుగూడ లాంటి చోట చాలా ముఖ్యం. ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు వెంచర్లు, విల్లాలు, ఫ్యాక్టరీలు, గోదాములు. ఊరు ఒక దగ్గర, కాలనీ ఇంకో దగ్గర, కూలీలు ఉండే షెడ్లు మరో దగ్గర. పెద్ద స్కూళ్లు రోడ్డు చూసుకుని కడతాయి గానీ బస్తీ చూసుకుని కట్టవు. దూరాన్ని గట్టిగా పట్టుకుంటే చాలామంది పిల్లలు లిస్టులోకే రారు. వదిలేస్తే బస్సు ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. తుక్కుగూడ, శంషాబాద్, ఆదిభట్ల లాంటి మున్సిపాలిటీలను 2025 చివర్లో జీహెచ్ఎంసీలో కలిపేశారు. పేరు గ్రేటర్ అయింది. బడి దూరం మాత్రం మారలేదు.

తెలంగాణ ఎందుకు అమలు చేయలేదు?

విషయం హైకోర్టు దాకా వెళ్లింది. పిల్స్ పడ్డాయి. ఇన్నేళ్లలో తరచూ వినిపించిన జవాబు ఇదీ. మన దగ్గర గురుకులాలు ఉన్నాయి, సర్కారు బడులు ఉన్నాయి, ఆ డబ్బులు ప్రైవేటుకు ఎందుకివ్వాలి?

ఈ వాదనలో బలం లేకపోలేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు కలిపి రాష్ట్రంలో సుమారు వెయ్యి ఉన్నాయి. ఫ్రీ చదువు, ఫ్రీ హాస్టల్. వాటిలో చదివిన పిల్లలు ఐఐటీ, ఎంబీబీఎస్ సీట్లు కొట్టారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా మొదలైంది.

కానీ ఇందులో ఒక పెద్ద గ్యాప్ ఉంది. గురుకులాల్లో అడ్మిషన్ ఎక్కువగా ఐదో తరగతి నుంచి. మరి ఒకటి నుంచి నాలుగు దాకా? ఇంకా చెప్పాలంటే మూడేళ్ల వయసులో? ప్రైవేట్ స్కూలు నర్సరీతో మొదలవుతుంది. తల్లిదండ్రులు మూడేళ్లకే బడి ఎంచుకుంటారు. ఒకసారి అక్కడ చేరిన పిల్లాడు మళ్లీ సర్కారు బడికి రావడం తక్కువ. సర్కారు బడి తలుపు తెరిచేది ఒకటో తరగతిలో. అప్పటికే ఆలస్యం అయిపోతోంది. ఈ సంగతి గుర్తించే 2025-26లో కొన్ని వందల సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ క్లాసులు మొదలుపెట్టారు.

తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోయే ఇంట్లో ఇది ఇంకా పెద్ద సమస్య. ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ చేసే అమ్మకు, క్యాబ్ నడిపే నాన్నకు కావాల్సింది మంచి చదువు ఒక్కటే కాదు. పొద్దున్నే పిల్లను తీసుకెళ్లి సాయంత్రం దింపే బడి కావాలి. అందుకే అప్పు చేసైనా బస్సు వచ్చే స్కూలు వైపు చూస్తారు.

ఫీజు సర్కారు కట్టింది... తర్వాత ఏమైంది?

తెలంగాణ ప్రైవేట్ స్కూల్ ఫీజు అసలు కట్టడం లేదని అనుకుంటే పొరపాటు. బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ అనే స్కీమ్ ఉమ్మడి ఏపీ రోజుల నుంచీ ఉంది. పేద ఎస్సీ, ఎస్టీ పిల్లలను లాటరీలో ఎంపిక చేసి మంచి ప్రైవేట్ స్కూళ్లలో చేర్పిస్తారు. డే స్కాలర్‌కు ఏడాదికి 28 వేలు, హాస్టల్‌లో ఉండే పిల్లలకు 42 వేలు సర్కారు స్కూలుకు కడుతుంది. కలెక్టరేట్‌లో లక్కీ డ్రా రోజున పేరు వచ్చినవాళ్ల ఇంట్లో పండగే.

కానీ 2025లో ఈ స్కీమ్ వార్తల్లోకెక్కింది వేరే కారణంతో. బిల్లులు రాక బకాయిలు పేరుకుపోయాయి. కొన్ని యాజమాన్యాలు ఈ పిల్లలను దసరా సెలవుల తర్వాత బడిలోకి రానివ్వలేదు. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని కలెక్టరేట్ల ముందు ధర్నాలు చేశారు.

ఇక్కడే అసలు పాఠం ఉంది. స్కీమ్ పేపర్ మీద చూస్తే అంతా కరెక్టే. డబ్బు లేటయితే మాత్రం ముగ్గురిలో ఇద్దరికి తప్పించుకునే దారి ఉంటుంది. సర్కారు "బడ్జెట్ రిలీజ్ అవుతుంది" అంటుంది. యాజమాన్యం "మేం టీచర్లకు జీతాలెలా ఇవ్వాలి" అంటుంది. అందులోనూ నిజం ఉంది. మూడోవాడికే ఏ దారీ లేదు. గేటు బయట నిలబడేది వాడే.

కాలేజీల్లోనూ ఇదే కథ. ఉమ్మడి ఏపీలో వైఎస్ హయాంలో ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల లక్షల మంది మొదటి తరం గ్రాడ్యుయేట్లయ్యారు. అది కాదనలేని మార్పు. అదే స్కీమ్ బకాయిల కోసం 2025 నవంబర్‌లో తెలంగాణ ప్రైవేట్ కాలేజీలు బంద్ పెట్టాయి. సర్టిఫికెట్లు ఆపేస్తున్నారని విద్యార్థులు గోల పెట్టడం కూడా ఏటా చూస్తున్నదే.

ఏపీలో ఎలా నడుస్తోంది?

ఏపీలో హైకోర్టు ఆదేశాల తర్వాత 2022-23 నుంచి 25 శాతం సీట్ల అమలు మొదలైంది. ఆన్‌లైన్‌లో అప్లికేషన్, తర్వాత లాటరీ. 2023లో సర్కారు ఫీజు ఖరారు చేసింది. పట్టణాల్లో ఏడాదికి 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు.

గొడవ ఇక్కడే మొదలైంది. ఒక స్కూలు ఫీజు 40 వేలు అనుకోండి. సర్కారు ఇచ్చేది 8 వేలు. ఒక్కో సీటు మీద 32 వేల తేడా. ఈ తేడాను స్కూలు భరించాలి, లేదంటే మిగతా 75 శాతం పిల్లల ఫీజులో కలపాలి, లేదంటే ఆ పేద పిల్లాడి దగ్గరే బుక్స్ అని, యాక్టివిటీ అని, డిజిటల్ క్లాస్ అని ఏదో పేరుతో రాబట్టాలి. మూడోది చట్టవిరుద్ధం. అయినా సీటు పోతుందన్న భయంతో ఫిర్యాదు చేసే తల్లిదండ్రులు తక్కువ. అదే ఫీజు 8 నుంచి 10 వేలు ఉండే చిన్న బడ్జెట్ స్కూల్‌కు మాత్రం సర్కారు డబ్బు టైముకు వస్తే వరమే.

ఏపీలోనే ఇంకో మోడల్ కూడా నడుస్తోంది. డబ్బు స్కూలుకు కాకుండా నేరుగా తల్లి ఖాతాలో వేయడం. 2020 జనవరిలో జగన్ సర్కారు అమ్మ ఒడి మొదలుపెట్టింది. ఏడాదికి 15 వేలు. పిల్లలు సర్కారు బడిలో చదివినా ప్రైవేట్‌లో చదివినా తల్లికి డబ్బు వస్తుంది. 2025 జూన్‌లో చంద్రబాబు సర్కారు దీన్ని తల్లికి వందనం పేరుతో ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ వర్తింపజేసింది. సుమారు 67 లక్షల మంది విద్యార్థులు లెక్కలోకి వచ్చారు. 15 వేలలో 2 వేలు బడుల నిర్వహణకు తీసి, 13 వేలు ఖాతాలో వేశారు.

పార్టీలు బద్ధశత్రువులే. కానీ ఆ స్కీమ్‌ను ఎత్తేసే ధైర్యం ఎవరూ చేయలేదు, ఇంకా పెంచారు. ఇలాంటి డబ్బు ఒకసారి ఇవ్వడం మొదలైతే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో దీన్ని బట్టే తెలుస్తుంది.

180 గ్రామాల ప్రయోగం ఏం తేల్చింది?

"ప్రైవేట్‌లో చదివితే పిల్లాడు బాగా చదువుతాడు" అన్నది చాలామంది నమ్మకం. దీన్ని నిజంగా పరీక్షించిన చోటు అమెరికాలోనో లండన్‌లోనో లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే ఉంది.

2008లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ స్కూల్ చాయిస్ ప్రాజెక్టు మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని అధ్యయనం చేశారు. సర్కారు బడిలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులను ప్రైవేట్ ఫీజు కడతాం, ఇష్టమైతే అప్లై చేయండి అని అడిగారు. లాటరీ తీశారు. పేరు వచ్చినవాళ్లకు ఫీజు, పుస్తకాలు, యూనిఫామ్ ఖర్చు ఇచ్చారు. బస్సు ఖర్చు ఇవ్వలేదు. నాలుగేళ్ల తర్వాత లాటరీ గెలిచిన పిల్లలను, అప్లై చేసి ఓడిన పిల్లలను పరీక్ష పెట్టి పోల్చారు.

ఫలితాలు 2015లో ఒక ప్రముఖ అంతర్జాతీయ ఆర్థిక శాస్త్ర పత్రికలో వచ్చాయి. ముఖ్యమైనవి ఇవీ:

- తెలుగు, లెక్కల్లో రెండు గుంపులకూ తేడా లేదు.
- హిందీలో మాత్రం ప్రైవేట్‌కు వెళ్లిన పిల్లలు చాలా ముందున్నారు. కారణం ఏంటంటే, ఆ సర్కారు ప్రైమరీ బడుల్లో హిందీ పెద్దగా చెప్పరు.
- ప్రైవేట్ స్కూళ్లు తెలుగు, లెక్కలకు తక్కువ టైమ్ ఇచ్చి కూడా అదే ఫలితం తెచ్చాయి. మిగిలిన టైమ్‌లో వేరే సబ్జెక్టులు చెప్పాయి.
- ఒక్కో పిల్లాడి మీద ప్రైవేట్ స్కూలు పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువే.
- సర్కారు బడిలో ఉండిపోయిన పిల్లలకు గానీ, ముందు నుంచే ప్రైవేట్‌లో ఉన్న పిల్లలకు గానీ నష్టం జరిగిన ఆధారాలు కనబడలేదు.

ఈ ఫలితాన్ని రెండు వర్గాలూ తమకు నచ్చినట్టు వాడుకుంటాయి. "చూశారా, తేడా లేదు, మరి ప్రైవేట్‌కు డబ్బులెందుకు" అని ఒక వర్గం. "చూశారా, మూడో వంతు ఖర్చుతో అదే చదువు" అని ఇంకో వర్గం. రెండూ సగం నిజాలే. ఖర్చు తక్కువ కావడానికి పెద్ద కారణం టీచర్ జీతం. అప్పట్లో ఆ పల్లెల్లో సర్కారు టీచర్ జీతం ప్రైవేట్ టీచర్ జీతానికి ఆరు రెట్ల కన్నా ఎక్కువ. అంటే ఆ పొదుపు ఎవరి జేబులోంచి వచ్చిందో కూడా చూడాలి. ఇంకో మాట, ఆ ప్రయోగంలో ఫీజు టైముకు అందింది. నిజ జీవితంలో స్కీముల సంగతి పైన చూశాం.

బయట దేశాల్లో?

ఈ చర్చ మనకే పరిమితం కాదు. చిలీ 1981లో దేశమంతా వోచర్ పద్ధతి తెచ్చింది. బాగా డబ్బున్నోళ్ల పిల్లలు ఒకచోట, పేదలు ఒకచోట విడిపోయారని పెద్ద ఉద్యమాలే జరిగాయి. చివరికి 2015లో చట్టం మార్చి, సర్కారు డబ్బు తీసుకునే స్కూళ్లు లాభం చేసుకోకూడదని, పిల్లల్ని ఏరుకోకూడదని కట్టడి చేశారు.

అమెరికాలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సాస్‌లో 2025 మే 3న గవర్నర్ గ్రెగ్ అబాట్ ఇలాంటి చట్టం మీదే సంతకం పెట్టారు. 2026-27 నుంచి ప్రైవేట్ స్కూలుకు వెళ్లే పిల్లలకు ఏడాదికి సుమారు 10 వేల డాలర్లు. మొదటి విడతకు 100 కోట్ల డాలర్లు పెట్టారు. అక్కడా వాదనలు ఇవే. సర్కారు బడుల డబ్బు పోతుందని ఒకరు, పిల్లాడి డబ్బు పిల్లాడి వెంట పోవాలని ఇంకొకరు.

మహారాష్ట్ర, కర్ణాటక అనుభవం

కర్ణాటక చాలా ఏళ్లు 25 శాతం సీట్లు పక్కాగా ఇచ్చింది. 2019 నుంచి రూల్ మార్చింది. ఇంటి దగ్గర సర్కారు బడి ఉంటే ప్రైవేట్ కోటా వర్తించదని చెప్పింది. దాంతో కోటా సీట్లు ఒక్కసారిగా పడిపోయాయి. మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో ఇదే బాట పట్టింది. అయితే ఆ ఏడాది జులైలో బాంబే హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. పార్లమెంటు ఇచ్చిన హక్కును రాష్ట్రం రూల్‌తో తగ్గించలేరన్నది కోర్టు మాట.

ఈ తీర్పు తెలంగాణకూ ముఖ్యమే. సర్కారు బడులు ఉన్నాయి కాబట్టి కోటా అక్కర్లేదు అన్న వాదన కోర్టులో ఎంతవరకు నిలబడుతుందన్నది దీన్ని చూస్తే అర్థమవుతుంది.

అయితే ఏం కావాలి?

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టం. "సర్కారు బడా, ప్రైవేట్ బడా" అన్న ప్రశ్న సగమే. తెలంగాణ రేపు 25 శాతం అమలు చేసినా, చేయకున్నా కింది నాలుగింటికి జవాబు ఉండాల్సిందే.

ఒకటి, డబ్బు టైమ్. కొత్త స్కీమ్ ప్రకటించే ముందు పాత బకాయిల తేదీ చెప్పాలి. బిల్లు లేటైనా పిల్లాడిని గేటు బయట నిలబెట్టకూడదన్న రూల్ గట్టిగా ఉండాలి. యాజమాన్యానికి రావాల్సింది ఫలానా తేదీలోపు వస్తుందన్న భరోసా కూడా అంతే గట్టిగా ఉండాలి.

రెండు, బస్సు. ఫీజు ఫ్రీ, బస్సుకు నెలకు వేయి రూపాయలు అంటే అది ఫ్రీ కాదు. తుక్కుగూడ లాంటి విస్తరించిన ఊళ్లలో అసలు ఖర్చు అక్కడే ఉంటుంది.

మూడు, ఎనిమిది తర్వాత. కోటా సీటు ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. తొమ్మిదిలో ఫుల్ ఫీజు కట్టమంటే? పదో తరగతి ముందు బడి మారాల్సిన పరిస్థితి రాకుండా దారి చూపాలి. సర్కారు హైస్కూల్లో సీటు గ్యారంటీ ఇవ్వడమో, ఫీజు రెండేళ్లు పొడిగించడమో.

నాలుగు, ఫీజు కంట్రోల్. మిగతా 75 శాతం మంది మీద భారం వేయకుండా ఉండాలంటే ఫీజుల మీద చట్టం కావాలి. 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు. 2024లో ఆకునూరి మురళి చైర్మన్‌గా వచ్చిన విద్యా కమిషన్ కూడా ఫీజుల నియంత్రణకు సిఫార్సులు ఇచ్చింది. కమిటీలు వచ్చి పోతున్నాయి, ఫీజులు మాత్రం ఏటా పెరుగుతున్నాయి.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: 25 శాతం సీటు కోసం డొనేషన్ కట్టాలా?
అక్కర్లేదు. ఆ సీటుకు ఎవరైనా డబ్బు అడిగితే అది చట్టవిరుద్ధం. "సీటు ఇప్పిస్తాం" అని తిరిగే బ్రోకర్లను నమ్మొద్దు.

ప్రశ్న: ఏ కాగితాలు రెడీగా ఉంచుకోవాలి?
పిల్లల బర్త్ సర్టిఫికెట్, ఆధార్, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఇంటి అడ్రస్ ప్రూఫ్. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు అడ్రస్ ప్రూఫ్ దగ్గరే ఎక్కువ ఇబ్బంది వస్తుంది. ముందే చూసుకోవాలి.

ప్రశ్న: బెస్ట్ అవైలబుల్ స్కూల్స్‌కు అందరూ అర్హులా?
కాదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మాత్రమే. ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో నోటిఫికేషన్ వచ్చినప్పుడే అప్లై చేయాలి.

ప్రశ్న: స్కూల్లో చేరాక "సర్కారు డబ్బులు రాలేదు" అని ఫీజు అడిగితే?
రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. ఆ కాగితంతో మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి ఫిర్యాదు చేయొచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు.

చివరిగా

తుక్కుగూడ రెండు పెద్ద కాంగ్రెస్ సభలు చూసింది. 2023లో గ్యారంటీల సభ, 2024 ఏప్రిల్ 6న లోక్‌సభ ఎన్నికల ముందు జనజాతర. ఎన్నికలు మళ్లీ వస్తాయి, సభలూ వస్తాయి. కానీ ఒకటో తరగతిలో చేరే వయసు పిల్లాడికి ఒక్కసారే వస్తుంది. చట్టం వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలకు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. వాళ్లకు ఆ 25 శాతం సీటు అందలేదు. ఈ జూన్‌లో బ్యాగు తగిలించుకునే పిల్లల విషయంలోనూ అదే జరుగుతుందా లేదా అన్నది సర్కారు తేల్చాలి. ప్రైవేట్‌లో సీటు ఇస్తారో, ఇంటి పక్కనే నర్సరీ నుంచి మంచి సర్కారు బడి పెడతారో, ఏదో ఒకటి పొద్దున ఏడున్నరకల్లా ఆ గల్లీ దాకా రావాలి.